ఎనిమిదో టేకు

ఈ రోజు ఫిల్మ్ నగర్‌లో ఒక ప్రకటనకి డబ్బింగ్ చెప్పాను. దేశమంతా అవయవదానం ఏర్పాట్లు చూసే ఓ స్వచ్ఛంద సంస్థ వాళ్ళది. భోజనాల దగ్గర ఓ తల్లి ఇంట్లోవాళ్ళతో అనే మాట: “నేను పోయాక నా అవయవాలు ఎవరికైనా పనికొస్తే ఇచ్చేయండి.” అంతే.

ఇరవై ఏళ్ళుగా హీరోల తల్లులందరికీ గొంతిచ్చి ఏడ్చినదాన్ని, ఆ ఒక్క వాక్యం దగ్గర ఇరుక్కుపోయాను. సౌండ్ ఇంజినీర్ యాదగిరి ప్రతిసారీ వన్ మోర్ అన్నాడు.

“అక్కా, పేపర్ సదివినట్టుంది. జర ఇంట్లోళ్ళకు చెప్పినట్టు చెప్పు.”

అమ్మ పోయాక నేను ఇంట్లో ఎవరికీ ఏమీ చెప్పలేదని అతనికేం తెలుసు? ఏడో టేకుకి ఓకే అన్నాడు, జాలిపడే అనుకుంటా.

తర్వాత, రికార్డింగ్‌కి వచ్చిన సంస్థ ఆవిడ అవయవదాత కార్డు ఇస్తే నేనూ నింపి సంతకం పెట్టాను. దగ్గరి బంధువు పేరు అన్నచోట పెన్ను ఆగిపోయింది.

“అదే ముఖ్యమండీ. మీరు సంతకం పెట్టినా, ఆ టైముకి మేం అడగాల్సింది మీ ఇంట్లోవాళ్ళనే” అందావిడ.

యాదగిరి హెడ్‌ఫోన్స్ తీసి, “నాకు చెప్పింది గద మేడం, ఏడుసార్లు!” అన్నాడు. అందరం నవ్వాం. ఆ గడి మాత్రం ఖాళీగానే ఉంది.

సాయంత్రం యూసుఫ్‌గూడ వచ్చి, తాళం తీసి, చెప్పులు కూడా విడవకుండా ఆ మాట మళ్ళీ అన్నాను. ఎంత బాగా వచ్చిందో! ఓకే అనడానికే ఎవరూ లేరు. పక్క వాటాలో సాఫ్ట్‌వేర్ పిల్లలు ఇంకా ఆఫీసు నుంచి రాలేదు.

అందుకే మీకు చెబుతున్నాను. నేను పోయాక ఇచ్చేయండి. విన్నవాళ్ళు ఒక్కరైనా ఓకే అనండి. వన్ మోర్ మాత్రం అనకండి.