తోడల్లుడి కారులో ఎర్రబల్బు

మా తోడల్లుడు కారు కొన్నాడని తెలిసిన రోజు నాకు అన్నం సహించలేదు. ఈ మాట చెప్పడానికి నాకేం మొహమాటం లేదు. అనంతపురంలో రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకుని ఊళ్ళోవాళ్ళ కార్లు బాగుచేసేది నేను. నాకున్నది ఒక సైకిలు. ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారం చేసే ఆయనకు స్పానరుకూ పట్టకారుకూ తేడా తెలియదు. తెల్లకారు మాత్రం ఆయన వాకిట్లో ఉంది.

ఆయన భార్య మా ఆవిడకు సొంత చెల్లెలు. కారు వచ్చాక మా ఆవిడ నన్ను ఒక్క మాట దెప్పింది లేదు. నాకు మండేది అందుకే. ఏదైనా అని ఉంటే తగువైనా పెట్టుకునేవాణ్ణి.

అది ఎనభైల మొదట్లో. మడకశిర దగ్గర వాళ్ళ పుట్టింటి ఊళ్ళో, వానలు లేక వాయిదా పడుతూ వచ్చిన దేవర ఆ ఏడు ఎలాగో పెట్టుకున్నారు. దేవరంటే ఊరి అమ్మవారి జాతర. ఆడబిడ్డలు ఎక్కడున్నా పోవాల్సిందే. అక్కా, ఈసారి మా కార్లో పోదాం, పిల్లల్ని కూడా ఎక్కించుకుందాం అని చెల్లెలు కబురు పెట్టింది. అప్పటినుంచి మా ఆవిడ అంట్లు తోముతూ కూడా ఊరికే నవ్వుకునేది. పెళ్ళైనప్పటి నుంచి ఆమె ఆ ఊరికి పోయిందంతా నాతో బస్సులోనే, శనక్కాయ మూటల మధ్య నిలబడి. ఇప్పుడు పుట్టింటి ముందు ఇంకొకడి కార్లోంచి దిగుతుంది. ఆ ఊహ వచ్చినప్పుడల్లా నా కడుపులో ఎవరో కొలిమి ఊదుతున్నట్టుండేది.

దేవరకు ముందురోజు మధ్యాహ్నం ఆ తెల్లకారు నా షెడ్డు ముందు ఆగింది. తోడల్లుడు ఒక్కడే దిగాడు. ముఖం వాడిపోయి ఉంది. స్టీరింగు ముందున్న ఎర్రబల్బు ఆరడం లేదన్నాడు. తాళం తిప్పగానే వెలిగి, ఇంజను అందుకోగానే ఆరిపోవాల్సిన బల్బు అది. ఆయిలు ఒత్తిడి ఎలా ఉందో కనిపెట్టే చిన్న స్విచ్చి ఒకటి ఇంజనుకు బిగించి ఉంటుంది. ఒత్తిడి పడిపోతే ఆ స్విచ్చి తనకున్న ఒక్క వైరును బండి ఇనుముకు కలిపి బల్బును వెలిగిస్తుంది.

"ఇంజను పోయినట్టేనా అన్నా?" అని అడిగాడు.

"చూడల్ల గదప్పా," అన్నాను. నా గొంతులో సంతోషం నాకే వినబడింది.

ఒత్తిడి నిజంగా పడిపోయి ఉంటే ఇంజను విప్పాలి. విప్పితే కారు వారాల తరబడి నా షెడ్డులోనే పడి ఉంటుంది. పట్టుచీరల ఆసామి నాలాగే బస్సు వెనక పరిగెత్తాలి. మా ఆవిడ నాతోనే దేవరకు వస్తుంది. స్విచ్చో వైరో చెడి ఉంటే మాత్రం సాయంత్రానికల్లా కారు వెళ్ళిపోతుంది.

ఏ మెకానిక్ అయినా మొదట స్విచ్చికున్న వైరు పీకి చూస్తాడు. పీకినా బల్బు వెలుగుతుంటే తప్పు వైరుది. ఆరిపోతే స్విచ్చిదో ఆయిలుదో. చిటికెలో తేలిపోయే పని. నేను ఆ జోలికి పోలేదు. నాకు కావాల్సింది పెద్ద రోగం, కాబట్టి పెద్దదాంతోనే మొదలుపెట్టాను. ఆయిలు కడ్డీ తీసి చూస్తే ఆయిలు నిండుగా ఉంది. స్విచ్చి విప్పి, అది ఉన్నచోట ఒత్తిడి చూపించే మీటరు బిగించి, ఇంజను వేయమన్నాను. ముల్లు లేవకూడదని లోపల మొక్కుకుంటూ నిలబడ్డాను. లేచింది. లేచి, ఉండాల్సిన చోట తొణక్కుండా నిలబడింది. మీటరునే అనుమానించి రిపేరుకొచ్చిన ఒక జీపుకు పెట్టి చూశాను. మీటరు బాగానే ఉంది.

ఏడుపు ముఖంతో కొత్త స్విచ్చి బిగించాను. బల్బు ఆరలేదు. ఇక తప్పక వైరు పీకాను. అయినా వెలుగుతూనే ఉంది. వైరు తోలు ఎక్కడో ఊడి బండి ఇనుముకు తగులుతోందన్నమాట. తోడల్లుడు టీ తాగడానికి రోడ్డు మీదికి పోయాడు. నేను వైరు వెంబడి వేళ్ళతో తడుముకుంటూ పోయాను. బానెట్ లోపల, ఆ చివర చీకటి మూలలో, మెత్తగా ఏదో తగిలింది.

నల్లగుడ్డ మూట. ఇనుపతీగతో వైర్లకు కలిపి బిగించి కట్టారు. ఆ తీగే వైరు తోలును కోసేసింది. చూడగానే దిష్టిమూట అని తెలిసిపోయింది. ఎవరైనా నిమ్మకాయా మిరపకాయలూ అందరికీ కనబడేట్టు బండి ముందు కడతారు. దీన్ని దాచి కట్టారు. విప్పితే ఎండుమిరపకాయలు, రాళ్ళుప్పు, బొగ్గుముక్క, పిడికెడు మట్టి. మా వైపు ఎవరి కన్నంటే భయమో వాళ్ళు నడిచిన మట్టి తెచ్చి అందులో కలుపుతారు.

మా నేల ఎర్రది. ఈ మట్టి నల్లగా, జిడ్డుగా ఉంది. వాసన చూశాను. ఏళ్ళ తరబడి ఇంజన్ల నూనె తాగిన మట్టి. అప్పుడు నేను నిలబడి ఉన్న నేల, నా షెడ్డు నేల.

మా మరదలు చీరకు మరకవుతుందని షెడ్డులో అడుగే పెట్టదు. తోడల్లుడు కారు కొన్నాక ఇటు రావడం ఇదే మొదలు. షెడ్డు వెనకే మా ఇల్లు. ఈ నేలను రోజూ ఊడ్చేది ఒక్క మనిషే.

మూట పట్టుకుని ఇంట్లోకి పోయాను. మా ఆవిడ మర్నాటికి చీర తీసి పెట్టుకుంటోంది. మూటను చూసింది. బుకాయించలేదు.

"నేనే ఇచ్చినా మట్టి, కట్టింది నా చెల్లెలు. ఆ బండి మాటెత్తితే నీ కండ్లు ఎట్లయితాయో నాకు తెలీదా? నా చెల్లెలు పిల్లోల్లను ఏసుకోని దాంట్లోనే తిరుగుతాండాది," అంది.

"నేనంటే నీకంత భయమా?" అని అడిగాను.

"భయం కాదు. నాక్కూడా ఒక్కసారి దాంట్లో ఎక్కల్లని ఉండాది," అంది చీర మడతపెడుతూ.

వెనక్కి వచ్చి వైరుకు టేపు చుట్టాను. తాళం తిప్పితే బల్బు వెలిగి, ఇంజను అందుకోగానే ఆరిపోయింది. మట్టీ మిరపకాయలూ మళ్ళీ గుడ్డలో పెట్టి, ఈసారి నూలుదారంతో, వైర్లకు దూరంగా కట్టాను. టీ తాగి వచ్చిన తోడల్లుడికి వైరు రాసుకుపోయిందని మాత్రం చెప్పాను. ఎవరి దిష్టో తగిలినట్టుంది అన్నాడు పాపం. ఆయనకు మూట సంగతే తెలియదు.

పొద్దున్నే తోడల్లుడు ధర్మవరం నుంచి పెళ్ళాం పిల్లల్ని ఎక్కించుకుని వచ్చాడు, మావాళ్ళూ ఎక్కారు. కారులో చోటు చాలదని, నేను బస్సులో వస్తానని చెప్పాను. మా ఆవిడ కిటికీ పక్కన కూర్చుని, అద్దం దించి, పైట సర్దుకుంది. నా వైపు తిరగనేలేదు. కారు కదిలింది. నేను షెడ్డు ముందు నిలబడి, కుళ్ళుకుంటూ, అది కనుమరుగయ్యేదాకా కళ్ళారా చూశాను. మూట నా చేతులతో నేనే గట్టిగా కట్టాను కదా, ఎంత చూసినా బండికేమీ కాదు.