రాహుకాలం మీద నా దండయాత్ర

పెళ్ళికి పోతూ పిల్లిని చంకన పెట్టుకుపోయిన వాళ్ళ గురించి మీరు వినే ఉంటారు. నేను ప్రపంచ విప్లవాన్ని పెట్టుకుపోయాను. పిల్లయితే మహా అంటే గీరి దిగిపోతుంది. నాది దిగలేదు. ఇద్దరు మంచివాళ్ళ పెళ్ళిని నేను ఎంత శ్రద్ధగా, ఎంత నిబద్ధతతో పాడు చేయబోయానో చెబుతాను, వినండి. మధ్యలో తిట్టాలనిపిస్తే మొహమాటపడకండి. మా ఇంట్లోవాళ్ళు ఇన్నేళ్ళుగా ఆ పని చేస్తూనే ఉన్నారు.

ఎమర్జెన్సీ ఎత్తేసిన కొత్త. నోళ్ళకు కట్టిన గుడ్డలు ఒక్కసారి ఊడినట్టు వరంగల్లో అందరూ మాట్లాడుతున్నారు. అందరికంటే ఎక్కువ నేను మాట్లాడుతున్నాను. హన్మకొండలో చదువుకుంటున్నానని ఇంట్లో అనుకునేవాళ్ళు. నిజానికి నేను చదివింది తక్కువ, చదివినట్టు ఉపన్యాసమిచ్చింది ఎక్కువ. ఎక్కడ మొదలుపెట్టినా వియత్నాం చేరేవాణ్ణి. హాస్టల్ పప్పులో నీళ్ళెక్కువయ్యాయని ఎవరైనా అంటే, ఆ నీళ్ళు ఏ సామ్రాజ్యవాదం నుంచి పారివచ్చాయో గంటసేపు చెప్పేవాణ్ణి. అప్పటికి పప్పు కూడా అయిపోయేది.

మా సమ్మయ్య పెళ్ళి కుదిరింది. వాడు నా రూమ్మేటు, పాలంపేట దగ్గరి రైతుబిడ్డ. తల్లిదండ్రులు లేరు, నాయనమ్మ లచ్చవ్వ పెంచింది. పిల్ల పేరు కరుణ. డోర్నకల్లో రైల్వే గార్డు ఏసుదాసు గారి కూతురు, మాతోపాటే చదివేది. వీళ్ళు హిందువులు, వాళ్ళు క్రైస్తవులు. పంతులుతో చేయిస్తే వాళ్ళు రారు, చర్చిలో చేస్తే వీళ్ళు రారు. మూడేళ్ళు ఇద్దరు పెద్దల చుట్టూ తిరిగి తిరిగి చివరికి ఆదర్శ వివాహానికి ఒప్పించారు. అప్పట్లో మావాళ్ళ పెళ్ళిళ్ళు అట్లాగే జరిగేవి. ఒక హాలు, ఒక మైకు, వేదిక మీద నాలుగు కుర్చీలు. సభాధ్యక్షుడు మాట్లాడతాడు, ఆ తర్వాత ఇద్దరూ దండలు మార్చుకుంటారు, అయిపోయింది. ఆ సభాధ్యక్షుణ్ణి నేనే. అడక్కుండానే నేనే.

పెళ్ళిరోజు పొద్దున హాలు వెనక సమ్మయ్య నన్ను పక్కకు గుంజాడు. మొహం వాడిపోయి ఉంది.

"అన్నా, జర చిన్న ముచ్చట. ఇయ్యాల బుధవారం. పన్నెండు కొడితే రాహుకాలమట. దానికి ముందే దండలు పడాలంటాంది మా నాయినమ్మ."

"పడకపోతే?"

"నన్ను తోల్కపోతదట. మామయ్యదేమో ఇంకోటి. దండలకు ముందు రెండు నిమిషాలు ప్రార్థన చేసుకుంటడట. చేసుకోనియ్యకపోతే బిడ్డను తీస్కొని మధ్యాహ్నం ప్యాసింజరెక్కుతడట. ఇద్దరు పెద్దోళ్ళు ఒక్కకాడికి వచ్చింది ఇదే మొదటిసారి అన్నా. ఇయ్యాల తప్పితే మళ్ళ రారు. పది నిమిషాలు మాట్లాడి దిగు. నీ కాల్మొక్త!"

"కాల్మొక్కుడు భూస్వామ్య సంస్కృతి, తెలుసా?" అన్నాను.

చూశారా, వాడి గుండె జారిపోతుంటే నేను వాడి భాష దిద్దుతున్నాను. అంతలో లచ్చవ్వే వచ్చింది. సన్నగా, నిటారుగా ఉంటుంది. నైజాం కాలంలో అడవిలో ఉన్న దళాలకు సద్ది మోసిన మనిషి. మేము పుస్తకాల్లో చదివిన పోరాటానికి ఆమె అన్నం పెట్టింది. ఆ లెక్కన నేను ఆమె ముందు చేతులు కట్టుకుని నిలబడాలి. నేను నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాను.

"పంతులు వద్దంటిరి, సరే అన్న. పుస్తె వద్దంటిరి, గదీ సరే అన్న. మంచి గడియ దాటనియ్యకు బిడ్డా. గదొక్కటే నా కోరిక."

"అవ్వా, రాహుకాలం అంతా మూఢనమ్మకం. దొరల గడీలనే కూలగొట్టినోళ్ళు గడియలకు భయపడుతరా?"

"దొరను కంటితో చూసిన, కొట్లాడిన. రాహువును చూడలేదు గద, ఎట్ల కొట్లాడాలె?" అంది లచ్చవ్వ.

జవాబు లేనప్పుడు గొంతు పెంచడం నా పద్ధతి. "ప్రార్థన లేదు, ముహూర్తం లేదు. సభ సభ లెక్కనే జరుగుతది!" అని తేల్చేశాను. అంతటితో ఆగితే నేను నేనెందుకవుతాను? అప్పుడే బుర్రలో ఒక మహత్తర ఆలోచన మెరిసింది. పన్నెండు దాటేదాకా మైకు వదలకూడదు. దండలు సరిగ్గా రాహుకాలం నడినెత్తిన పడాలి. ఆ దెబ్బతో మూఢనమ్మకం నడుం విరగాలి. సమ్మయ్య నడుం విరుగుతుందేమో అన్న ఆలోచన మాత్రం రాలేదు.

సభ పదకొండుకు మొదలైంది. ఒకవైపు పాలంపేట చుట్టుపక్కల నుంచి వచ్చిన రైతులు, ఇంకోవైపు డోర్నకల్ రైల్వే కుటుంబాలు, మధ్యలో మా విద్యార్థులు. పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు, ఇద్దరు పెద్దలు నా వెనక కుర్చీల్లో ఉన్నారు. నేను జనం వైపు తిరిగి మైకు పట్టుకున్నాను. వెనక్కి తిరిగి చూసే అలవాటు నాకు చరిత్ర విషయంలోనే ఉండేది, అదీ అంతంతమాత్రం.

పూలదండతో మొదలుపెట్టాను. పువ్వులు పండించిన రైతు, రైతు మీద పన్ను, పన్ను వేసిన తెల్లవాడు, తెల్లవాడి ఓడ. ఆ ఓడెక్కి అల్జీరియాలో దిగాను. అక్కడి నుంచి అంగోలా. "స్వాతంత్ర్యం అడుక్కుంటే రాదు, గుంజుకోవాలె!" అని బల్ల గుద్దాను. వెనక నుంచి సమ్మయ్య రెండుసార్లు దగ్గాడు. ఒకసారి చొక్కా కూడా లాగాడు. నేను మొజాంబిక్‌లోకి పారిపోయాను.

వియత్నాం అమరవీరుల దగ్గరికి రాగానే ఒక అద్భుతం జరిగింది. రైల్వేవాళ్ళు అందరూ ఒక్కసారి లేచి నిలబడ్డారు. వాళ్ళను చూసి రైతులూ లేచారు. తలలు వంచారు. కొందరు కళ్ళు మూసుకున్నారు, ఒక ముసలమ్మ కళ్ళు తుడుచుకుంది. నాకు ఒళ్ళు పులకరించింది. డోర్నకల్ జంక్షన్‌కూ వియత్నాం పల్లెకూ నేను లైను వేసేశాను! గొంతు గద్గదం చేసుకుని ఇంకా దూసుకుపోయాను.

వాళ్ళు కూర్చున్నారు. "చిట్టచివరి సైనికుడు కూడా ఓడెక్కి పోయిండు!" అన్నాను. అంతే, హాలు దద్దరిల్లేలా చప్పట్లు! ఈలలు! నా జన్మలో అన్ని చప్పట్లు వినలేదు. ఆశ కదండీ, అదే వాక్యాన్ని ఇంకోసారి అన్నాను. ఈసారి ఒక్కడూ కొట్టలేదు. ఇదేమి ప్రజలురా, ఇంత చంచల స్వభావమా అనుకుంటుండగా తల మీద ఏదో రాలింది. పైకప్పు సున్నం పెచ్చులు ఊడుతున్నాయనుకుని దులుపుకున్నాను. చేతికి పసుపు అంటింది. అక్షింతలు!

వెనక్కి తిరిగాను. సమ్మయ్య మెడలో దండ. కరుణ మెడలో దండ. లచ్చవ్వ చేతిలో ఖాళీ పళ్ళెం. గోడ గడియారంలో పన్నెండుకు ఇంకా పావుగంట ఉంది.

"ఇదేంది? అధ్యక్షుని అనుమతి లేకుండ దండలెట్ల మార్చుకుంటరు?" మైకులోనే అరిచాను.

కరుణ నవ్వాపుకుంటూ అంది: "స్వాతంత్ర్యం అడుక్కుంటే రాదు, గుంజుకోవాలె అని మీరే చెప్తిరి గదన్నా. గుంజుకున్నం."

ఈసారి చప్పట్లు ఎవరికో నాకు అర్థమైంది.

"మరి వియత్నాం కోసం లేచి నిలబడ్డది?" అన్నాను దీనంగా ఏసుదాసు గారి వైపు చూసి.

"అది ప్రార్థన బాబూ. నేను మీ వెనకాల చేసుకున్న. మా వాళ్ళు చూసి లేచిన్రు. ప్రభువుకు మైకు అవసరం లేదు," అన్నాడాయన ఎంతో మర్యాదగా.

"అయితే నన్నెవలూ ఎందుకు ఆపలే?"

సమ్మయ్య తల దించుకున్నాడు. "నేను ఆపబోయిన అన్నా. నాయినమ్మ వద్దన్నది. నోటి మీద ఏలు పెట్టి హాలంతటికి సైగ చేసింది."

నాకు గుండె కొంచెం నిమ్మళించింది. ఎంతైనా దళాలకు సద్ది మోసిన తల్లి, ఉపన్యాసం విలువ ఆమెకు తెలియదా? దగ్గరికి పోయి, "అవ్వా, నా మాటలు నచ్చినయా?" అని అడిగాను.

లచ్చవ్వ నా గడ్డం పట్టుకుంది. "ఏం చెప్పినవో నాకు తెల్వదు బిడ్డా. మంచి గడియల ఎవడన్న తుమ్మినా, చెడ్డమాట అన్నా చెవుల పడొద్దని పెండ్లిల గట్టిమేళం కొట్టిస్తరు గద. మీ పెండ్లిల మేళం లేదాయె. ఎట్లరా దేవుడా అని ఫికర్ పట్టుకున్నది. నువ్వు లేచి మొదలుపెట్టినవ్. నా ఫికరంత పోయింది. ఆ సప్పుడుల ఎవడు తుమ్మితే ఎవనికి ఇనపడ్డది?"

నా అంతట నేనే పోయి మైకు ఆపేశాను. నా జీవితంలో అది మొదటిసారి అని చూసినవాళ్ళు చెబుతారు. ఆమె అంతటితో ఆపలేదు. మేళగాళ్ళకు ఇచ్చే ఆనవాయితీ ప్రకారం ఒక కొబ్బరికాయ, ఒక కొత్త తువ్వాల నా చేతుల్లో పెట్టింది. రైతులు, రైల్వేవాళ్ళు, నా సొంత విద్యార్థి సంఘం, అందరూ కలిసి నవ్వారు. శ్రామికవర్గ ఐక్యత నేను కళ్ళారా చూసింది ఆ రోజే.

"వచ్చే నెల మా తమ్ముని మనవరాలి పెండ్లి ఉన్నది. పంతులు మంచిగ జరిపిస్తడు. మేళమే దొరుకుతలేదు," అంది లచ్చవ్వ. "వస్తవా బిడ్డా?"

అక్కడికక్కడే, ఎడమ చంకలో కొబ్బరికాయ, కుడి పిడికిలి పైకి, సమస్త అణగారిన దేశాల సాక్షిగా, గోడ మీది పటంలోని పెద్దగడ్డపాయన సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: ఇక బతికినన్నాళ్ళు పెళ్ళిలో నోరు తెరిస్తే, ముద్ద పెట్టుకోవడానికే తెరుస్తాను.