మూడో మాట

కంభం రోడ్డులో కుక్క అడ్డం వచ్చి స్కూటర్ మీద నుంచి పడ్డాను. తలకు వేసిన కుట్లు మానాయి గానీ, బండి తాళం మాత్రం నా భార్య తిరిగి ఇవ్వలేదు. డాక్టరమ్మ పరీక్ష చేసి సరే అంటేనే ఒంటరిగా బయటికి పోవాలంది. మా ఇంటి మగవాళ్లను ఎవరూ వెంటబెట్టుకుని తిప్పిన దాఖలా లేదు. అందుకే మార్కాపురం ఆసుపత్రిలో కుర్చీకి వీపు ఆనించకుండా కూర్చున్నాను.

డాక్టరమ్మది మా అమ్మాయి వయసు. మూడు మాటలు చెప్పి గుర్తుపెట్టుకోమంది. గడియారం బొమ్మ గీయించింది, వారాలు వెనక నుంచి చెప్పించింది. ఆ తర్వాత మూడు మాటలూ అడిగింది. మేక, గొడుగు వచ్చాయి. మూడోది రాలేదు.

"మన ఊరికి పేరు తెచ్చిందే పెదనాయనా," అని అందించింది.

"చెన్నకేశవస్వామి గుడి," అన్నాను.

నా భార్య నవ్వింది. మూడో మాట పలక అట. తరాలుగా మాకు అన్నం పెట్టిన మాట. తల కొట్టేసినట్టయి, "మాది పలకల గనేనమ్మా," అన్నాను.

డాక్టరమ్మ నా భార్య వైపు చూసింది.

"గని యాడుంది తల్లీ? మా మామ ఉన్నప్పుడే మూతబడింది. దెబ్బ తగలకముందు నుంచీ ఈయన అట్లనే చెప్తారు. పెండ్లి చూపుల్లోనూ అదే చెప్పినారు."

డాక్టరమ్మ పెన్ను ఆగింది. దీన్ని తప్పు కింద రాయాలో, అలవాటని వదిలేయాలో ఆమెకు తోచినట్టు లేదు. గని ఉండేదని నేనెన్నడూ అనలేదు. ఉందనే అంటాను. మా నాయనా అలాగే అనేవాడు.

"ఈ పొద్దు గనిలో పని జరుగుతా ఉందా పెదనాయనా?" అని మెల్లగా అడిగింది.

కళ్లు తెరిచే ఉన్నాను, అయినా కనబడింది. గుంత అంచున కూర్చుని రాయి చీలుస్తున్న మనుషులు, నల్లటి దుమ్ము, మా నాయన గొడుగు. ఆ గొడుగు నిజంగా ఆయనదో, ఇందాక ఆమె చెప్పిన మాటల్లోదో తేల్చుకోలేకపోయాను.

"లేదమ్మా. ఈ పొద్దు సెలవు," అన్నాను.

నా భార్య నవ్వు ఆగిపోయింది. హాస్యానికి అన్నారా అని అడిగింది. అవునని చెప్పబోయాను. అవునో కాదో నాకే తెలియలేదు.

నెల తర్వాత మళ్లీ చూద్దామని, అప్పటిదాకా ఎవరో ఒకరు తోడుండాలని డాక్టరమ్మ చెప్పింది. బయట నా భార్య ఆటో పిలిచి, ఎక్కేటప్పుడు నా మోచెయ్యి పట్టుకుంది. విదిలించుకోలేదు. ఎక్కడికని ఆటో అతను అడిగితే ఆమె బదులివ్వకుండా నా వైపు చూసింది. ఇదీ పరీక్షే కాబోలు. ఆలోచించుకుని మా ఇంటి వీధి చెప్పాను.