ఆవాల చిటపట

పక్కింట్లో తిరగమాత వాసన వస్తే నేను ఇప్పటికీ కిటికీ మూసేస్తాను.

పత్తికొండ దగ్గర మా ఊళ్లో చెల్లికి తట్టు వచ్చింది. అమ్మవారు పోసిందని గడపకు వేపమండలు కట్టారు. అమ్మవారు ఇంట్లో ఉన్నన్నాళ్లూ తిరగమాత వేయకూడదు. ఒకరోజు నాన్న చప్పిడి పప్పు తిననని కంచం తోసేస్తే, అమ్మ భయపడుతూనే నూనెలో ఆవాలు వేసింది.

తట్టు తగ్గింది. చెల్లి లేచి ఆడుకుంది కూడా. నెల తిరక్కుండానే మామూలు దగ్గు, జ్వరంతో పోయింది.

"తిరగమాత ఏసి బిడ్డను మింగితివి కదే!" అంది అవ్వ. నాన్న తువ్వాలు భుజాన వేసుకుని బయటికి వెళ్లిపోయాడు. నేను ఆవాల డబ్బా ఎత్తుకెళ్లి దిబ్బలో పారబోశాను. ఆ తర్వాత మా ఇంట్లో ఆవాలు చిటపటలాడలేదు.

ఇప్పుడు ల్యాబులో నా పరిశోధన తట్టు వైరస్ మీదే. పాత జబ్బులతో ఎలా పోరాడాలో ఒంటికున్న జ్ఞాపకాన్ని అది తుడిచేస్తుంది. ఆ తర్వాత చిన్న దగ్గైనా చాలు, పిల్లలు తట్టుకోలేరు.

మొన్న ఊరికెళ్లినప్పుడు ఇదంతా అమ్మకు చెప్పాను. చప్పిడి పప్పు వడ్డిస్తూ వింది.

"అట్లనా పాపా! మీ అవ్వ ఉన్నప్పుడు చెప్పింటే బాగుండు."

పక్కనే తింటున్న నాన్న అంతా విన్నాడు. తలెత్తకుండా, "నంజుకునేకి ఎర్రగడ్డ ఉంటే ఎయ్యి, పప్పు శానా చప్పగా ఉండాది" అన్నాడు.