తెనాలి వెళ్ళే రోజు మాత్ర

బాపట్లలో మా పక్క వాటాలో ఎవరో ఎండు మెత్తళ్ళు వేయిస్తున్నారు. ఆ ఉప్పు వాసనకు రేపల్లెలో మా అమ్మమ్మ పెరడు, పాత వల మీద ఆరబోసిన చేపలు, వాటి మీద వాలే కాకుల్ని అదిలిస్తూ తాటిముంజలు జుర్రుకున్న నా తొమ్మిదో ఏటి వేసవి, అన్నీ ఒక్కసారిగా కమ్ముకున్నాయి.

అమ్మమ్మ వారానికి నాలుగు రోజులు పొద్దున్నే రైల్లో తెనాలి వెళ్ళి, బజారులో గంప దించుకుని ఎండుచేపలు అమ్మేది. ఆ ఏడే ఆమెకు బీపీ ఉందని తేలింది. సెలవులకు నన్ను అక్కడ దింపుతూ అమ్మ, రోజూ పొద్దున మాత్ర వేయించే పని నాకప్పగించింది.

మొదటి వారం చద్దన్నంలో మామిడికాయ ముక్క నంజుకుని, నా ఎదుటే మింగేది. తరవాత తెనాలి వెళ్ళే రోజుల్లో మానేసింది.

"ఏంటమ్మమ్మా, వేసుకోవా?"

"అదేసుకుంటే గంటకోసారి ఒంటికెళ్ళాలే. ఆ బజార్లో ఆడోళ్ళకి చోటేదీ? ఇంటికాడున్నప్పుడు ఏసుకుంటాలే. మీ అమ్మకి చెప్పమాక."

చెప్పలేదు. పక్కింటి ఫోనుకు అమ్మ చేసినప్పుడల్లా "వేసుకుందమ్మా" అనేదాన్ని.  సాయంత్రం రైలు కూత వినబడగానే వాకిట్లోకి పరుగెత్తి, అమ్మమ్మ నడక తూలుతోందా, మాట తడబడుతోందా అని చూసేదాన్ని. ఏమీ కాలేదు. ఆమె నవ్వుతూ "చూశావా" అనేది.

సెలవులు ఇంకో నాలుగు రోజులున్నాయనగా, తెనాలి స్టేషన్లో గంప ఎత్తుకోబోయి అమ్మమ్మ కూలబడిపోయింది. తోటి ఆడవాళ్ళు ఆసుపత్రికి చేర్చారు. కబురు విని వచ్చిన అమ్మతో నేను వెళ్ళేసరికి మూతి ఒక పక్కకు లాగేసి, కుడిచెయ్యి తనది కానట్టు మంచం మీద పడి ఉంది.

"మాత్రలు సరిగ్గా వేసుకునేదా?" అని డాక్టరు అడిగారు.

"రోజూ వేసుకునేదండి" అంది అమ్మ, నా వైపు చూస్తూ. నేను ఏడుస్తూ నిజం చెప్పేశాను.

ఆయన కోప్పడలేదు. "ఆ ఇబ్బంది ముందే చెప్పుంటే వేరే మాత్ర రాసేవాళ్ళు కదమ్మా" అన్నారు. అమ్మ గోడకు ఆనుకుని అలాగే కూర్చుండిపోయింది. 

అమ్మమ్మ మరో ఆరేళ్ళు బతికింది. గంప మాత్రం మళ్ళీ ఎత్తలేదు.

ఇప్పుడు ఆ పెరడు లేదు, ఆరబోసిన చేపలూ లేవు. తెనాలిలో ఉంటున్న అమ్మకు ఇప్పుడు బీపీ. రోజూ పొద్దున ఫోను చేస్తాను. "వేసుకున్నావా" అనడం ఎప్పుడో మానేశాను. "ఆ మాత్రతో ఏమన్నా ఇబ్బందిగా ఉందా అమ్మా?" అని అడుగుతాను.

 ఇవాళ మెల్లగా, "కాళ్ళు వాస్తున్నాయే. మూడు రోజులైంది మానేసి" అంది.

మధ్యాహ్నానికల్లా వెళ్ళి డాక్టరు ముందు కూర్చోబెట్టాను. మాత్ర మార్చారు. అయినా రేపు పొద్దున ఆమె ఫోను ఎత్తేదాకా నాకు ఊపిరాడదు.