లేని కుక్కతో మా అక్క డాక్టరేటు

మా అక్క మనస్తత్వశాస్త్రంలో పిహెచ్‌డి సాధించిందంటే అందులో సగం ఘనత నాది. కాలేజీ మధ్యలో మానేసినవాణ్ని కాబట్టి ఇంటిల్లిపాదీ ఒప్పుకోరు గానీ, నిజం నిజమే.

ఆరేళ్లుగా అక్క జ్ఞాపకశక్తి మీద పరిశోధన చేస్తోంది. బస్టాపులో ఒకాయన గొడుగు మరిచిపోయి వెళ్లే మూడు నిమిషాల వీడియోను నలభై మందికి చూపించింది. వారం తర్వాత మళ్లీ పిలిచి, ఏం చూశారో రాయించింది. అలా రాయడానికి ఉదయం వచ్చేవాళ్లను వరండాలో కూర్చోబెట్టే పని నాది. మధ్యాహ్నం తనే చూసుకునేది.

ఖాళీగా కూర్చుంటే నా నోరు ఊరుకుంటుందా? "ఆ గొడుగును కుక్క ఎత్తుకుపోయింది చూశారా? గుర్రమంత కుక్క!" అని కోతలు కోశాను.

కాగితాలు చదివిన అక్క మొహం పాలిపోయింది. "ఒరేయ్, పందొమ్మిది మంది కుక్కని చూశామని రాశార్రా! ఒకావిడ దాని మెడపట్టీ రంగు కూడా చెప్పింది. వీడియోలో కుక్కే లేదు కదరా!"

"నేనేదో కాలక్షేపానికి..."

"నీ కాలక్షేపం నా ఆరేళ్లనీ మింగేసింది. థీసిస్‌కి నాలుగు నెలలే గడువు. ఇంక పొడిగించరు."

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నా నోటిని నేనే తిట్టుకున్నాను. అక్క మాత్రం కాగితాలు మళ్లీ తిరగేసింది. మధ్యాహ్నం వచ్చినవాళ్లలో ఒక్కరూ కుక్క ఊసెత్తలేదు. చటుక్కున లేచి గైడ్ మేడమ్ దగ్గరికి వెళ్లి, జరిగిందంతా దాచకుండా చెప్పేసింది.

"పాతవి పక్కన పెట్టు. కొత్తవాళ్లకి ఈసారి కావాలనే మీ తమ్ముడితో ఆ కుక్క మాట చెప్పించి, జ్ఞాపకం ఎంత మారుతుందో చూడు," అన్నారు మేడమ్. "అబద్ధం మాత్రం అందరికీ ఒక్కలాగే చెప్పాలి."

అదీ నాకొచ్చిన గండం. ఒకే కోత రెండోసారి అదే కొలతకి కోయడం నా ఒంట్లో లేదు. అక్క నా అబద్ధాన్ని కాగితం మీద రాసి వల్లె వేయించింది. "గుర్రమంత కాదురా, పెద్ద కుక్క! అంతే!" అంటూ పూటకో మొట్టికాయ.

గడువులోపే థీసిస్ ఇచ్చేసింది. వైవా రోజు ముందుగా వీడియో వేశారు. టీ విరామంలో, బయటి నుంచి వచ్చిన పరీక్షకుడికి కప్పు అందించింది నేనే. నోటి దురద ఆపుకోలేకపోయాను.

లోపలికి వెళ్లగానే ఆయన కళ్లద్దాలు సర్దుకున్నారు. "ఎవరో అన్న ఒక్క మాటకే జ్ఞాపకం మారిపోతుందంటే నమ్మలేనమ్మా. ఇప్పుడు ఆ ఎర్రటోపీ ఆయన ఉన్నాడు చూడు..."

"సార్," అంది అక్క నెమ్మదిగా, "ఆయనకి టోపీ లేదండీ."

వీడియో మళ్లీ వేశారు. తెర మీద బట్టతల నిగనిగా మెరిసింది. హాలంతా గొల్లుమంది. పరీక్షకుడు వెనక్కి తిరిగి నన్నొకసారి చూసి, తనూ నవ్వేసి థీసిస్ మూసేశారు.

"ఇంక నేను అడిగేదేం లేదు, డాక్టర్‌గారూ!"

బయటికి రాగానే డాక్టర్‌గారు ఒక చేత్తో నా చెవి మెలేసి, రెండో చేత్తో కళ్లు తుడుచుకుంది.