మంచం పక్కన మలయాళం, పరీక్షలో జర్మన్

నాకు మలయాళం ఎవరూ నేర్పలేదు. నేర్పి ఉంటే ఇంత కోపం ఉండేది కాదు. కోకాపేట వైపున్న ఓ పెద్ద ఆసుపత్రిలో నేను నర్సుని. షిఫ్టు మారేటప్పుడు, దిగిపోయే నర్సు ప్రతి మంచం దగ్గరా ఆగి, ఎక్కే నర్సుకి రోగి సంగతులన్నీ అప్పజెప్పాలి. దాన్ని హ్యాండోవర్ అంటాం. మా వార్డులో అది మలయాళంలో జరిగేది. అలా రూలేమీ లేదు. సీనియర్లంతా కేరళవాళ్లు, నేనొక్కదాన్నే ఖమ్మం నుంచి వచ్చినదాన్ని. "కొంచెం నాక్కూడా అర్థమయ్యేటట్టు చెప్పండి సిస్టర్" అంటే రెండు వాక్యాలు ఇంగ్లిష్‌లో చెప్పి, మూడో వాక్యానికల్లా మళ్లీ సొంతూరు చేరుకునేవాళ్లు.

రోగికి ఏమైనా అయితే డాక్టరు నిలదీసేది నన్నే. అందుకని చచ్చినట్టు నేర్చుకున్నాను. మొదటివారం 'పని ఇల్ల' అని వినబడితే పనేం లేదు కాబోలని సంతోషపడ్డాను. వాళ్లకి పని అంటే జ్వరం. మనకి మనసులో మాత్రమే ఉండే వేదన, వాళ్లకి మోకాళ్లలోనూ ఉంటుంది. చూస్తే సగం మాటలు మన ఇంటి మాటల్లాగే ఉంటాయి, నమ్మి చెయ్యేస్తే ఇంకేదో అయి కూర్చుంటాయి. ఏడాది తిరిగేసరికి నేను మలయాళంలోనే హ్యాండోవర్ ఇస్తున్నాను. ఎవరూ మెచ్చుకోలేదు. గాలి పీల్చుకుంటే మెచ్చుకుంటారా?

జర్మన్ని మాత్రం కోరి తెచ్చుకున్నాను. జర్మనీలో నర్సులు కావాలట. బీటూ స్థాయి పరీక్ష పాసైతే విమానం, లేకపోతే ఇదే వార్డు. ఎన్నేళ్లు చేసినా ఇంచార్జి పదవి నా దాకా రాని వార్డు ఇది. కూకట్‌పల్లిలో టిఫిన్ సెంటర్ మీదున్న కోచింగ్‌కి డ్యూటీ దిగి అటునుంచి అటే వెళ్లేదాన్ని. కింద నుంచి దోసెల వాసన, పైన జర్మన్ వ్యాకరణం.

రెంటినీ పక్కపక్కన పెట్టుకుని నాలో నేనే తూకం వేసుకునేదాన్ని. మలయాళానికి నాలుక వెనక్కి మడవాలి, జర్మన్‌కి గొంతు గీరుకోవాలి. మలయాళంలో ఆయనొచ్చినా, ఆవిడొచ్చినా, నేనొచ్చినా, బస్సొచ్చినా 'వన్ను' ఒక్కటే. జర్మన్‌లో మనిషిని బట్టి క్రియ తోక మారుతుంది, మన దగ్గర మారినట్టే. అందులో చెంచా మగవాడట, ఫోర్కు ఆడదట, చాకు ఈ రెండూ కాదట. అయినా నాకు జర్మనే నచ్చింది. దానికి ఓ పుస్తకం ఉంది, తప్పు చేస్తే ఓపికగా దిద్దే టీచరుంది. మలయాళం రక్తసంబంధం ఉండి కూడా గుమ్మంలోనే నిలబెట్టింది. జర్మన్ ఏమీ కాకపోయినా లోపలికి రమ్మంది.

మా వార్డు సీనియర్ ఒకావిడ కూడా ఆ క్లాసుకే వచ్చేది. అందరం ఆవిడని చేచీ అనేవాళ్లం, మలయాళంలో అక్క అని. వార్డులో నా మొహం చూడని మనిషి క్లాసులో నా పక్కనే కూర్చునేది. నా జర్మన్ బాగుంటుందని, చూసి రాసుకోవచ్చని. ముందు నువ్వే పాసవుతావని టీచర్ నాతో అనేది. ఊళ్లో మా అమ్మ చర్చిలో నా కోసం ఉపవాస ప్రార్థన పెట్టించింది.

మాట్లాడే పరీక్షకి ఇద్దరిద్దరిని ఎదురెదురుగా కూర్చోబెడతారు. నాకు ఎదురుగా చేచి పడింది. చీటీలో హ్యాండోవర్ వచ్చింది: తుంటికి ఆపరేషన్ అయిన ముసలాయన్ని మీ తోటి నర్సుకి అప్పజెప్పండి. నేను బాగా చదువుకున్నదే. చేచి మొహంలోకి చూసి మొదలుపెట్టాను. నొప్పి తగ్గిందని, రాత్రి సరిగ్గా నిద్రపోలేదని, కట్టు మార్చామని గడగడా చెప్పుకుపోయాను. ఎక్కడా తడబడలేదు. ఇంత బాగా వస్తోందే అని నాకే ముచ్చటేసింది.

ఎగ్జామినర్ తెల్లజుట్టు జర్మన్ ఆవిడ. రాయడం ఆపి, "ఇది మీ మాతృభాషా?" అని అడిగింది.

అప్పుడు తెలిసింది నేను మాట్లాడింది మలయాళమని. నేను నోరు తెరిచేలోపే చేచి అందుకుంది, ఒక్క తప్పు లేని జర్మన్‌లో. "కాదు మేడమ్. ఇది నా భాష."

ఆ తర్వాత నాకు జర్మన్ రాలేదు. వెతుక్కుంటే ఇంగ్లిష్ దొరికింది, తెలుగు దొరికింది, అది మాత్రం దొరకలేదు. చేచి పాసైంది. మళ్లీ రాయొచ్చుగా అంటారు అందరూ. రాశాను. చీటీలో హ్యాండోవర్ అని చూడగానే జర్మన్ మళ్లీ మాయమైంది. ఊరెళ్తే చర్చి బయట "విమానమెప్పుడు ఎక్కుతున్నవ్?" అని ఇప్పటికీ అడుగుతారు. ఈ మధ్య ఊరెళ్లడం తగ్గించాను.

జర్మనీ వెళ్లిన కొన్నాళ్లకి చేచి మలయాళంలో వాయిస్ మెసేజ్ పెట్టింది. అక్కడ హ్యాండోవర్ చాలా వేగంగా చెప్పేస్తారట. మెల్లగా చెప్పమంటే రెండు వాక్యాలు చెప్పి మళ్లీ పరుగే పరుగట. రోజూ ఏడుపొస్తోందట. జాలిపడ్డానని రాస్తే అబద్ధమవుతుంది. ఆ మెసేజ్ మళ్లీ మళ్లీ విన్నాను. కడుపు చల్లబడుతుందేమోనని చూశాను, చల్లబడలేదు.

ఇప్పుడు వార్డులో పాతదాన్ని నేనే. మొన్న పొద్దున కేరళ నుంచి కొత్తగా వచ్చిన అమ్మాయికి డ్యూటీ అప్పజెప్పాను. తెలుగులోనో ఇంగ్లిష్‌లోనో మొదలుపెట్టాలని రోజూ అనుకుంటాను. మంచం దగ్గరికి రాగానే నోరు తన దారిన తను పోతుంది. మా ఇద్దరి మధ్యా పడుకున్నది సిద్దిపేట నుంచి వచ్చిన పెద్దామె. కొత్త నర్సు పక్క మంచానికి జరగ్గానే నా చెయ్యి పట్టుకుంది.

"ఏందో ఏందో మాట్లాడుకున్నరు గని, నాకెట్లున్నది బిడ్డా?"

జ్వరం లేదని, పుండు మానుతోందని, రేపు లేపి నడిపిస్తామని నిదానంగా చెప్పాను. ఆమె మొహం వెలిగిపోయింది.

"కేరళ పిల్లవైనా తెలుగు ఎంత మంచిగ మాట్లాడుతున్నవ్! ఎవలు నేర్పిన్రు?"

"ఎవరూ నేర్పలేదమ్మా" అన్నాను.